లిఫ్టర్ని ఇచ్చి షూటర్ని తెచ్చుకున్నాం

ఈమధ్య పేపరు తెరిస్తే ఏదో ఒక జట్టు వయసు మళ్ళిన పేరుమోసిన ఆటగాణ్ణి తెచ్చుకుందనీ, అతని కోసం ఒక కుర్రాణ్ణి వదులుకుందనీ, అది తెలివైన పనా కాదా అనీ పేజీల కొద్దీ రాస్తున్నారు. మీ ఈడు పిల్లలు మా అరుగు మీదే కూర్చుని ఈ విషయం మీద గొంతులు పోయేలా వాదించుకుంటున్నారు. నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను. మా ఆఫీసు ఒకసారి సరిగ్గా ఆ పనే చేసింది. ఆ జట్టుకి సెక్రటరీని నేనే.

అరవైల మొదట్లో మాట. మాచర్లలో కాలువ పనులు చూసే ఒక డివిజన్ ఆఫీసులో నేను గుమస్తాని. పగలంతా నాపరాళ్ళ కప్పు కింద ఉడికిపోయి, సాయంత్రం కాగానే ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో వాలీబాల్ ఆడేవాళ్ళం. కంకర పొడి పరిచి, సున్నంతో గీతలు గీసిన కోర్టు అది. పడితే మోకాలి చిప్ప మీద పల్నాడు పటం అచ్చుపడేది. ఎండలు ముదరకముందు ఏటా డివిజన్ల మధ్య వెండి కప్పు కోసం పోటీలు జరిగేవి. ఏటా ఫైనల్‌కి వచ్చేవాళ్ళం. ఏటా నరసరావుపేట వాళ్ళ చేతిలో ఓడిపోయి, లారీలో మాటామంతీ లేకుండా తిరిగొచ్చేవాళ్ళం.

మా ఇంజనీరు గారికి ఆ కప్పు పిచ్చి. చదువుకునే రోజుల్లో ఆయనా ఆడినవారే. పొట్ట వచ్చాక ఆడటం మాని అరవడం మొదలుపెట్టారు. కాలువ గట్టు తెగిందన్నా అంత కంగారు పడేవారు కారేమో, బంతిలో గాలి తగ్గిందంటే మాత్రం కుర్చీలోంచి లేచేవారు.

మీలో ఆట తెలియని వాళ్ళుంటే రెండు ముక్కలు చెబుతాను. జట్టులో ఒకడు బంతిని వల పక్కన పైకి లేపి పెడతాడు, వాడు లిఫ్టరు. ఇంకొకడు గాల్లోకి ఎగిరి దాన్ని అవతలి వాళ్ళ నెత్తిన కొడతాడు, వాడు షూటరు. చప్పట్లన్నీ షూటరుకి. అప్పట్లో మా వైపు ఆటలో చోట్లు మారడం కూడా లేదు. ఎవడి చోటు వాడిది, ఆట ముగిసేదాకా అక్కడే.

మా లిఫ్టరు ముప్పాళ్ళ దగ్గరి కుర్రాడు. తండ్రి అక్కడ మిషను బడిలో పంతులు. వీడు మా దగ్గర రోడ్డు రోలరు డ్రైవరు. గూట్లో దీపం పెట్టినంత నెమ్మదిగా బంతిని గాల్లో పెట్టేవాడు. అంత మెత్తని చేతులున్నవాడు రోలరు ఎక్కితే ఎందుకలా అయిపోయేవాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకసారి కాంట్రాక్టరు అన్నం క్యారేజీ మీదుగా పోనిచ్చాడు. నాలుగు గిన్నెలూ కలిసి ఒక్క పళ్ళెం అయ్యాయి. ఇంకోసారి గట్టు మీద రోలరు ఆపి, టీకి వెళ్ళాడు. అది దానంతటదే కదిలింది. రోలరు వేగం ఎంతని? మేమంతా దాని పక్కనే నడుస్తూ, "ఆపండ్రా, ఆపండ్రా" అని ఒకరికొకరం చెప్పుకుంటూ, అది వెళ్ళి సున్నం కుప్పలో దిగబడేదాకా సాగనంపి వచ్చాం.

నరసరావుపేట జట్టులో ఒక షూటరు ఉండేవాడు. ఆయనా రోలరు డ్రైవరే. చేయెత్తు మనిషి, మెలితిరిగిన మీసం, ముస్లిం. జట్టులో పెద్దా చిన్నా అంతా ఆయన్ని భాయ్ అనేవాళ్ళు. గుంటూరు జిల్లాలో వాలీబాల్ చూసిన ప్రతివాడి దగ్గరా ఆయన గురించి ఒక కథ ఉండేది. ఆయన కొట్టిన బంతికి కుట్లు విడిపోయాయని ఒకరు. క్రోసూరులో ఆ దెబ్బ గుండెల మీద కాచుకున్నవాడు ఆట మానేసి పొగాకు వ్యాపారంలోకి దిగాడని ఇంకొకరు. మా ఇంజనీరు గారు కుర్రతనంలో గుంటూరులో ఆయన ఆట చూశారట. ఆ షాటు గురించి చెప్పేటప్పుడు లేచి నిలబడి చెప్పేవారు.

ఆ ఏడు ఫైనల్లో భాయ్ కాసేపే ఆడాడు. ఆడినంతసేపూ మమ్మల్ని నేలకి దిగ్గొట్టాడు. తర్వాత నెల తిరక్కుండానే నరసరావుపేట నుంచి కబురొచ్చింది. మీ లిఫ్టర్ని మాకిస్తే భాయ్‌ని మీకు పంపిస్తాం, ఇద్దరూ రోలరు డ్రైవర్లే కాబట్టి పరస్పర బదిలీ కింద సరిపోతుంది, మా భాయ్‌కీ ఇష్టమే అని.

ఇంజనీరు గారు ఆ సాయంత్రమే మమ్మల్నందర్నీ వరండాలో కూర్చోబెట్టారు. ఆయన మొహంలో పెళ్ళి చూపులకి వచ్చిన వాళ్ళ మొహంలో ఉండే వెలుగు ఉంది.

మా కెప్టెను ఓవర్సీరు. పొట్టి మనిషి, నోరు పెద్దది. లేచి అడ్డం తిరిగాడు.

"ఆయన వయసెంత సార్?"

"ముప్ఫై ఎనిమిదట."

"సర్వీసులో రాయించుకున్నది గాదు సార్, మోకాళ్ళ వయసు అడుగుతున్నా."

"అనుభవం ఉందయ్యా."

"అనుభవం ఎగురుద్దా సార్? మొన్న ఫైనల్లో నేను దగ్గర్నుంచి చూశా. పాయింటు పాయింటుకీ నడుం పట్టుకుంటన్నాడు. మన కుర్రోడికి ఇరవై రెండు. ఇంకో పదేళ్ళు ఆడతాడు."

"పదేళ్ళు ఎవరు చూడొచ్చారు? నాకు కప్పు కావాల్సింది వచ్చే ఏడు."

అందులో న్యాయం ఉంది. ఆయనకి బదిలీ అయ్యేది ఆ మరుసటి ఏడే. ఇక నా వంతు వచ్చింది. నేను ఎప్పుడూ ఆఫీసరు మాటకి ఎదురు చెప్పినవాణ్ణి కాదు. అయినా ధైర్యం చేసి, "సార్, షూటరొస్తాడు సరే, ఆయనకి బంతి లేపేదెవరు? తుపాకి కొనుక్కుని గుండ్లు అమ్మేసుకున్నట్టు అవదా?" అన్నాను.

"నువ్వు లేపు," అన్నారు ఇంజనీరు గారు.

నేను జట్టులో ఉన్నది బంతికి గాలి కొట్టడానికీ, నిమ్మకాయలు కోయడానికీ. కళ్ళజోడు తీస్తే వల ఎటువైపుందో కూడా నాకు రూఢిగా తెలియదు. అందరూ నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

లిఫ్టరు కుర్రాణ్ణి అడిగారు. వాడు తల గోక్కుని, "పేటైతే ఇంటికి దగ్గర గద సార్. వారం వారం మాయమ్మ చేతి కూడు తినొచ్చు," అన్నాడు. వాడి మీద ఇంత గొడవ జరుగుతుంటే వాడికి అందులో పప్పన్నం తప్ప ఇంకేమీ కనపడలేదు.

మా హెడ్‌క్లర్కు అంతసేపూ గోడకానుకుని నశ్యం పీలుస్తున్నాడు. ఆయన జన్మలో బంతి ముట్టుకున్న మనిషి కాదు. చివరికి ఒక ప్రశ్న వేశాడు.

"ఇద్దర్లో రోలరు బాగా నడిపేదెవరు?"

ఆ సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు.

"భాయే. ఆయన నడిపిన రోడ్డు మీద నీళ్ళ చెంబు పెట్టినా తొణకదంటారు," అన్నాడు ఓవర్సీరు ఇష్టం లేకుండానే.

"ఇంకేంది మరి, తెచ్చుకోండి," అని హెడ్‌క్లర్కు ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆఫీసు పక్షాన ఓటు అదొక్కటే.

బదిలీ అయిపోయింది. నరసరావుపేట నుంచి బస్సున్నా, సామాను ఉందని భాయ్ గుంటూరు మీదుగా రైల్లో వచ్చాడు. మాచర్ల స్టేషన్‌లో రైలు ఆగేది, దానికి అవతల పట్టాలు లేవు కాబట్టి. దిగేవాళ్ళకి తొందరుండదు. భాయ్‌కి అసలే లేదు. మేము బంతిపూల దండ పట్టుకుని నిలబడ్డాం. ముందు ట్రంకు పెట్టె దిగింది. తర్వాత ఆయన భార్య, తర్వాత పాలమేక, తర్వాత దాని పిల్ల. ఆ తర్వాత తలుపు కమ్మీ రెండు చేతులా పట్టుకుని, కుడికాలు దించి, ఊపిరి పీల్చుకుని, ఎడమకాలు దించి భాయ్ దిగాడు. నా పక్కన ఓవర్సీరు చాలా నెమ్మదిగా, "సార్, రైలు మెట్టే దిగలేకపోతన్నాడు," అన్నాడు. ఇంజనీరు గారు వినిపించుకోకుండా దండ వేశారు. మేక దాన్ని చివరినుంచి తినడం మొదలుపెట్టింది.

మొదటి సాయంత్రం ఊళ్ళో సగంమంది కోర్టు చుట్టూ చేరారు. భాయ్ తెల్ల బనీను వేసుకుని వచ్చి, కోర్టంతా నడిచి చూసి, నాపరాయి మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల వద్దు గుమస్తా గారూ. నేల కొత్త. ముందు నేలకి అలవాటు పడాల," అన్నాడు నాతో.

నేలకి అలవాటు పడటానికి రెండు వారాలు పట్టింది. తర్వాత గాలికి అలవాటు పడాలన్నాడు. ఆ తర్వాత ఒకరోజు తప్పక దిగాడు. నేను శక్తికొద్దీ బంతి లేపాను. అది వల మీదికి కాక మామిడాకుల తోరణం కట్టే ఎత్తులో, ఆయన వెనక్కి వెళ్ళింది. రెండోది టీ కొట్టు వైపు వెళ్ళింది. మూడోది సరిగానే లేచింది. భాయ్ ఎగిరాడు. ఎగిరాడనే అనాలి. పాదానికీ నేలకీ మధ్య ఒక పోస్టుకార్డు దూర్చొచ్చు, కవరయితే కష్టం. బంతి వలకి తగిలి మావైపే పడింది.

గుంపులోంచి ఎవరో, "మేకని ఆడించండయ్యా, అదన్నా ఎగురుద్ది," అన్నారు. భాయ్ అందరికన్నా ముందు నవ్వాడు. మంచి నవ్వు. ఆ నవ్వు చూస్తే కోపం తెచ్చుకోవడం కష్టం. ఓవర్సీరు మాత్రం కష్టపడి తెచ్చుకున్నాడు.

రోలరు సంగతి వేరు. ఆయన వచ్చాక గట్టు రోడ్డు అద్దంలా తయారైంది. కాంట్రాక్టరు క్యారేజీ ఎక్కడ పెట్టినా భద్రంగా ఉండేది. హెడ్‌క్లర్కు రోజూ సాయంత్రం ఆ రోడ్డు మీద షికారుకు వెళ్ళి వచ్చి, "ఆటగాడంటే ఆయన," అనేవాడు. ఇంజనీరు గారి మొహం ముడుచుకుపోయేది.

అటు నరసరావుపేట నుంచి వచ్చే ప్రతి లారీ డ్రైవరూ మా కుర్రాడి కబుర్లు మోసుకొచ్చేవాడు. వాడు లేపే బంతులకి అక్కడ సాదాసీదా షూటర్లు కూడా వీరులైపోతున్నారట. అక్కడా ఒక కాంట్రాక్టరు క్యారేజీ పోయిందట, కాని ఎవరూ ఏమీ అనలేదట.

మేము ఎలాగో ఫైనల్‌కి వచ్చాం. ఎలాగో అంటే, గురజాల జట్టులో సగంమందికి జ్వరాలొచ్చాయి. మిగతా జట్లని ఓవర్సీరు నోటితోనే గెలిచాడు. ఫైనల్ నరసరావుపేటలోనే. లారీలో బయల్దేరాం. ఇంజనీరు గారు జీపులో ముందు. గురజాల దాటాక భాయ్ నా పక్కకి జరిగాడు.

"గుమస్తా గారూ, మీరు నాతో చానా మంచిగా ఉన్నారు. ఒకమాట చెప్తా. నిరుడు ఫైనల్‌కి ముందు నెల రోజులు నేను ఆట ముట్టుకోలా. మోకాలుకి నూనె రాసుకుని మంచానే ఉన్నా. ఆ కాసేపటి కోసం."

"ఎందుకు భాయ్?"

"మీ ఇంజనీరు గారు చూస్తారని. మా అమ్మాయిని మాచర్లలో ఇచ్చాం. ఒక్కతే బిడ్డ. ఇప్పుడు నెలలు నిండినయ్. మాచర్లకి బదిలీ ఇయ్యమని ఎన్నిసార్లు అడిగినా మా పేటోళ్ళు ఇయ్యలా. మంచి డ్రైవర్ని ఎవురొదులుకుంటారు? మీ లిఫ్టరు కోసమైతే వదులుతారు, మంచి ఆటగాడంటే మీరూ ఎగరేసుకుపోతారు గదా అనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఒక డివిజన్, దాని ఇంజనీరు, కెప్టెను, దండ, రైలు, అన్నీ కలిసి ఒక పురిటి ఏర్పాటు చేశామన్నమాట.

"మరి ఇయ్యాల?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇయ్యాల ఆడతా. దండేసి తీసుకొచ్చారు గదా. మీరు బంతి కొంచెం ఎత్తుగా, వలకి ఇంత దూరంగా పెట్టండి చాలు," అని చేత్తో కొలత చూపించాడు.

నరసరావుపేటలో జనం విరగబడి వచ్చారు. సొంత ఊరివాడు అవతలి జట్టులో ఆడుతున్నాడంటే మరి. రిఫరీ ఒక స్కూలు డ్రిల్లు మాస్టారు. వల కట్టిన గుంజకి ఎత్తు స్టూలు ఒకటి తాడుతో కట్టుకుని, దాని మీద కూర్చున్నాడు.

మొదటి గేములో జరిగింది చూసి నాకు మతిపోయింది. నేను బంతి లేపగానే భాయ్ చెయ్యి వెనక్కి లాగి, కళ్ళు పెద్దవి చేసి, "హా" అనేవాడు. అవతల ముగ్గురు గాల్లోకి లేచి మొహాలు కప్పుకునేవాళ్ళు. భాయ్ కదలకుండా నిలబడి, బంతిని వేళ్ళతో మెల్లగా వల మీదుగా జారవిడిచేవాడు. అది వాళ్ళ పాదాల దగ్గర పడేది. వాళ్ళు చిన్నప్పటి నుంచి ఆ చేతి కథలు విని పెరిగినవాళ్ళు. చెయ్యి లేస్తే ఒళ్ళు దానంతటదే భయపడేది. ఒకడు వలకి అవతలి మూల నిలబడి కూడా తల పట్టుకున్నాడు. గేము మాది. ఇంజనీరు గారు పక్కన కూర్చున్న పెద్దమనిషి భుజం మీద చరిచారు. ఆ పెద్దమనిషి వాళ్ళ ఇంజనీరు.

రెండో గేములో మా పాత కుర్రాడు తన వాళ్ళని ఒక దగ్గరికి పిలిచాడు. మాచర్లలో వాడికి స్నేహితులున్నారు. భాయ్ పోస్టుకార్డు మందం ఎగిరిన సంగతి వాడిదాకా వెళ్ళినట్టుంది.

"ఎగరబాకండ్రా. ఆయన కొట్టడు, కొట్టలేడు. నిలబడి అందుకోండి," అన్నాడు.

అంతే. "హా" అన్నా ఎవరూ కదల్లేదు. మెల్లగా జారిన బంతిని మెల్లగా ఏరుకుని మా మీదికి కొట్టారు. రెండో గేము వాళ్ళది. మూడో గేములో ఓవర్సీరు ప్రాణాలకి తెగించి నేలంతా దొర్లబట్టి సమానంగా వచ్చాం. చివరికి వాళ్ళకి ఒక్క పాయింటు వస్తే కప్పు. సర్వీసూ వాళ్ళదే. అప్పట్లో సర్వీసు చేసే జట్టుకే పాయింటు.

బంతి వచ్చింది. ఓవర్సీరు అందుకుని నాకు పంపాడు. కళ్ళజోడు చెమటకి జారి ముక్కు చివర ఉంది. లారీలో ఆయన చేత్తో చూపించిన కొలత గుర్తుంది. అదే చేశాను. బంతి లేచింది. నా జీవితంలో అలా లేచిన బంతి ఇంకోటి లేదు.

భాయ్ "హా" అనలేదు. రెండడుగులు వెనక్కి వేసి, పరుగెత్తి, ఎగిరాడు. నిజంగా ఎగిరాడు. వల పైన ఆయన మొల కనపడింది నాకు. ఆ చెయ్యి బంతికి తగిలిన చప్పుడు కొబ్బరికాయ కొట్టినట్టు వినపడింది. అవతల ఆరుగురూ నిలబడే ఉన్నారు. ఎగరొద్దన్నారు కాబట్టి ఎవరూ ఎగరలేదు. బంతి వాళ్ళ మధ్య నేలకి తగిలి, జనం తలల మీదుగా మిరపకాయల బస్తాల బండిలోకి పోయింది.

తర్వాత భాయ్ కిందికి వచ్చాడు. ఎగరడం గుర్తున్న మోకాలికి దిగడం గుర్తున్నట్టు లేదు. అది మడతపడింది. ఆయన వలని పట్టుకున్నాడు. వల గుంజని పట్టుకుంది. గుంజకి స్టూలు కట్టి ఉంది కదా, స్టూలు మీద డ్రిల్లు మాస్టారు ఉన్నాడు. అందరూ కలిసి, తొందరేం లేకుండా, ఒకరి తర్వాత ఒకరు పడ్డారు.

దుమ్ము తగ్గాక తగువు మొదలైంది. బంతి ముందు పడిందా, వల ముందు తగిలిందా? బంతి ముందయితే సర్వీసు మాకొస్తుంది. ఆట సాగుతుండగా వల ముట్టుకుంటే తప్పు కాబట్టి, వల ముందయితే కప్పు వాళ్ళది. రెండు వైపుల జనం మైదానంలోకి వచ్చేశారు. ఓవర్సీరు ఇద్దరితో ఒకేసారి పోట్లాడుతున్నాడు. డ్రిల్లు మాస్టారు విజిలు వెతుక్కుని, ఊది, "నేను చూళ్ళేదు. నేను పడిపోతన్నా అప్పుడు," అన్నాడు. అంత నిజాయితీ గల రిఫరీని నేను మళ్ళీ చూడలేదు.

మాస్టారు చివరికి భాయ్ దగ్గరికి వెళ్ళి వంగాడు. భాయ్ నేల మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"మీరే చెప్పండి భాయ్. ఏది ముందు?"

ఇంజనీరు గారు అక్కడే ఉన్నారు. ఓవర్సీరు అక్కడే ఉన్నాడు. ఒక్క మాట అటు చెబితే చాలు. కాదనేవాడు లేడు.

"చెయ్యి లేచేటప్పుడే మోచెయ్యి వలకి రాసుకుంది. పాయింటు వాళ్ళది," అన్నాడు భాయ్.

కప్పు పోయింది. అప్పుడొక విచిత్రం జరిగింది. గెలిచిన జట్టుని ఎవరూ ఎత్తలేదు. నరసరావుపేట జనం వచ్చి భాయ్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. "కాలు, కాలు, చిన్నగా," అని ఆయన మొత్తుకుంటున్నా మైదానం చుట్టూ తిప్పారు. మా పాత కుర్రాడు ఆ కాలుని రెండు చేతుల మీదా పట్టుకుని పక్కనే నడిచాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఆ బంతి లేపింది నువ్వేనా అన్నా?" అని అడిగాడు. అవునన్నాను. కాసేపు ఆలోచించి, "బాగుంది," అన్నాడు. ఎన్నో ఏళ్ళు ఉద్యోగం చేశాను. ప్రమోషన్లు వచ్చాయి. ఆ మాటంత తృప్తి దేనికీ కలగలేదు.

తిరుగు ప్రయాణంలో ఇంజనీరు గారు భాయ్‌ని తన జీపులో ముందు సీట్లో కాలు చాపి కూర్చోబెట్టి, మందు పట్టీ పట్టుకోమని నన్ను వెనక ఎక్కించుకున్నారు. తను నా పక్కన ముడుచుకు కూర్చున్నారు. ఓడిపోయినవాడి మొహం కాదు ఆయనది. ఇరవయ్యేళ్ళ కిందట గుంటూరులో పోగొట్టుకున్నదేదో దొరికినవాడి మొహం.

భాయ్ ముందుకే చూస్తూ తన కూతురి సంగతి తనే మొత్తం చెప్పేశాడు. నెల రోజుల మంచం, నూనె, అన్నీ. నేను సీటు కిందికి దూరిపోదామా అనుకున్నాను.

ఇంజనీరు గారు విని, "అమ్మాయిది ఏ వీధి?" అన్నారు.

"మనాఫీసు యెనక సందేనయ్యా."

"సరే. మరి వచ్చే ఏడు కూడా ఆడతావా?"

భాయ్ తన మోకాలి వంక చూసుకున్నాడు.

"ఆడమంటే ఆడతానయ్యా. ఎగరమనబాకండి."